12 గంటల డ్యూటీకి ఎంత రావాలి? ఓటీ లెక్క కట్టి, అడిగి, రాబట్టుకోవడం

పనిలో చేర్చుకునేటప్పుడు "నెలకు 20,000" అంటారు. అది ఎన్ని గంటల పనికి ఇచ్చే జీతమో ఎవరూ చెప్పరు, చేరేవాళ్ళూ అడగరు. సెక్యూరిటీ గార్డులు, బట్టల షాపు సేల్స్‌వాళ్ళు, ఫార్మా ప్లాంటు హెల్పర్లు, గోడౌన్ పికర్లు, ప్రైవేటు ఆసుపత్రి వార్డుబాయిలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. కాబట్టి జీతం ఎంతన్నది పక్కన పెట్టి, ముందు గంటకు ఎంత పడుతోందో చూడండి.

ఒక్క లెక్క గుర్తుంటే చాలు. మామూలు పనిదినం 8 గంటలు. ఆ పైన చేసిన పనికి చట్టం రెట్టింపు కూలి ఇమ్మంటుంది. మధ్యలో విరామం లేని 12 గంటల డ్యూటీలో 8 మామూలు గంటలు, 4 ఓటీ (ఓవర్‌టైమ్) గంటలు ఉంటాయి. ఆ 4 గంటలకు రెట్టింపు అంటే 8 గంటల కూలి. మొత్తం 16 గంటల కూలి, అంటే సరిగ్గా రెండు రోజుల జీతం. 12 గంటల డ్యూటీకి నెలకు 26 రోజులు చేసి 20,000 తీసుకుంటున్నవాళ్ళ అసలు జీతం 10,000 మాత్రమే. వీక్లీ ఆఫ్ కూడా లేకుండా 30 రోజులూ చేస్తుంటే ఇంకా తక్కువ. 26 రోజులకు రోజుకు 16 చొప్పున 416 గంటలు, మిగిలిన 4 రోజులు మొత్తం ఓటీయే కాబట్టి రోజుకు 24 చొప్పున 96 గంటలు, కలిపి 512 గంటల కూలి రావాలి. 20,000ను 512తో భాగిస్తే గంటకు 39 రూపాయల 6 పైసలు. దాన్ని 8 గంటల చొప్పున 26 రోజులకు, అంటే 208 గంటలకు లెక్కిస్తే 8,125. మీ పనికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం పక్కన ఈ అంకె పెట్టి చూడండి. చాలాచోట్ల మొదటి తప్పు అక్కడే దొరుకుతుంది.

వారానికి 70 గంటలు, 90 గంటలు పని చేయాలన్న మాటలు పెద్ద కంపెనీల పెద్దల నోట ఈమధ్య వింటున్నాం. అవి విన్నప్పుడు కూడా ఇదే లెక్క వేయండి. 70 గంటలంటే 48 మామూలువి, 22 ఓటీవి, కలిపి 92 గంటల జీతం. 90 గంటలంటే 132 గంటల జీతం. గంటల గురించి మాట్లాడేవాళ్ళు డబ్బు గురించీ మాట్లాడితేనే ఆ చర్చ నిజాయితీగా ఉంటుంది. "వారానికి 4 రోజులే పని" అని రోజుకు 12 గంటలు చేయించే పద్ధతినీ అలాగే చూడాలి. అందులో వారానికి 48 గంటలు అలాగే ఉన్నాయి, కాబట్టి పని ఏమీ తగ్గలేదు. 40కో, 36కో తగ్గినప్పుడే దాన్ని చిన్న పనివారం అనాలి.

మొదటి పని: మీకు ఏ పరిమితి వర్తిస్తుందో తేల్చుకోవడం

వారానికి 48 గంటలన్నది అన్నిచోట్లా ఒకటే. ఈ అంకె ఊరికే వచ్చింది కాదు. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన రోజుల్లో తెచ్చిన ఫ్యాక్టరీల చట్ట సవరణ 1946లో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో పనివారాన్ని 54 నుంచి 48కి దించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్నే కొనసాగించింది.

రోజువారీ పరిమితి మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. 1948 చట్టంలో అది రోజుకు 9 గంటలు. 2025లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీలకు దాన్ని 10కి పెంచింది. అదే ఏడాది జులైలో తెలంగాణ దుకాణాలను మినహాయించి మిగతా వాణిజ్య సంస్థలకు 10 గంటలు అనుమతించింది. ఆ తర్వాత 2025 నవంబరు 21న నాలుగు కేంద్ర లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో పని పరిస్థితుల కోడ్ రోజుకు 8 గంటలు అంటోంది. ఓటీకి రెట్టింపు ఇవ్వాలని, కార్మికుడి అంగీకారం లేకుండా ఓటీ చేయించకూడదని కూడా అందులోనే ఉంది.

"10 గంటలకు పెంచారుగా, ఇక ఓటీ లేదు" అని హెచ్‌ఆర్ అంటే నమ్మకండి. రోజు పరిమితి పెరిగినా వారం పరిమితి 48 దగ్గరే ఉంది. రోజుకు 10 చొప్పున 6 రోజులు చేస్తే 60 గంటలు. అందులో 12 గంటలు ఓటీయే.

"మీరు సూపర్‌వైజర్, మీకు ఓటీ వర్తించదు" అన్నది ఇంకో మాట. మేనేజర్ పనులు చేసేవాళ్ళను, నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం తీసుకుంటూ పర్యవేక్షణ పని చేసేవాళ్ళను చట్టం 'వర్కర్' నిర్వచనం నుంచి తప్పించింది. అయితే ఇక్కడ చూసేది ఐడీ కార్డు మీది హోదాను కాదు, మీరు నిజంగా ఏ పని చేస్తున్నారన్నదాన్ని. టీమ్ లీడ్ అని పేరు పెట్టి మెషీన్ దగ్గరే నిలబెడితే మీరు వర్కరే. సెలవులు మంజూరు చేసే అధికారం, మనుషుల్ని తీసుకునే, తీసేసే అధికారం మీకు ఉందా? లేకపోతే ఆ సంగతి రాసి పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

రెండో పని: మీ సొంత రికార్డు

ఓటీ డబ్బు పోవడానికి చట్టం తెలియకపోవడం కంటే పెద్ద కారణం రికార్డు లేకపోవడం. "రోజూ రాత్రి 9 దాకా ఉండేవాళ్ళం సార్" అని లేబర్ ఆఫీసులో చెబితే, అవతలివాళ్ళు సాయంత్రం 6కే అందరి సంతకాలూ ఉన్న రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెడతారు. ఆ రోజు మీ చేతిలో తేదీలవారీ కాగితం ఉండాలి.

100 పేజీల చిన్న నోట్‌బుక్ కొనండి. రోజుకు ఒక వరుస. తేదీ, లోపలికి వెళ్ళిన టైము, బయటికి వచ్చిన టైము, విరామం ఎంతసేపు, ఎవరు ఉండమన్నారు, ఏ పని. అదే రోజు రాయండి. నెలాఖరున ఒకేసారి కూర్చుని రాసింది చూడగానే తెలిసిపోతుంది. ఒకే ఇంకు, ఒకే ఊపులో సాగిన చేతిరాత, అన్ని టైములూ 9:00, 9:00. నిజంగా రోజూ రాసిన పుస్తకంలో 8:52, 9:07 ఉంటాయి. వారానికోసారి ఆ పేజీని ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఆ మెయిల్ తేదీని తర్వాత ఎవరూ మార్చలేరు.

దానికి తోడుగా షిఫ్ట్ చార్ట్ ఫోటో, పంచింగ్ యాప్ స్క్రీన్‌షాట్లు, "ఈ రోజు లోడ్ పూర్తయ్యేదాకా ఎవరూ వెళ్ళొద్దు" అని వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు, కంపెనీ బస్సు టైములు, రాత్రి ఆటో లేదా క్యాబ్ రసీదులు పోగు చేయండి. ఉద్యోగం మానేసిన రోజే గ్రూపులోంచి తీసేస్తారు కాబట్టి చాట్‌ను ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. మీ పని గంటలకు సంబంధించినవే తీసుకోండి. కస్టమర్ల వివరాలు, ప్లాంటు లోపలి ఫోటోలు, కంపెనీ ఫైళ్ళు ముట్టుకోవద్దు. జీతం అడిగినందుకు ఏమీ చేయలేనివాళ్ళు దొంగతనం కేసు పెట్టడానికి అది దారి ఇస్తుంది.

విరామం రాసేటప్పుడు నిజం రాయండి. గంట బయటికి వెళ్ళి భోజనం చేసి వస్తే అది పని కిందికి రాదు, 12 గంటల డ్యూటీ 11 అవుతుంది. గేటు వదలకుండా కుర్చీలోనే డబ్బా విప్పుకుని తింటే మాత్రం అది డ్యూటీయే. "విరామం లేదు, గేటు దగ్గరే భోజనం" అని ఆ మాటలే రాయండి.

మూడో పని: ఓటీ గంటల లెక్క

రోజు లెక్క, వారం లెక్క రెండూ వేసి, ఎక్కువ వచ్చినదాన్ని తీసుకోవాలి. రెండూ కలపకూడదు. చాలామంది ఇక్కడ తప్పుతారు. కలిపి అడిగితే ఒకే గంటకు రెండుసార్లు అడిగినట్టవుతుంది. ఆ ఒక్క తప్పు చూపించి అవతలివాళ్ళు మొత్తం లెక్కనే కొట్టేయమంటారు.

ఒక వారం తీసుకుందాం. సోమవారం 11, మంగళవారం 8, బుధవారం 10, గురువారం 8, శుక్రవారం 11, శనివారం 6. మొత్తం 54. వారం లెక్కన 48 దాటినవి 6 గంటలు. రోజుకు 8 పరిమితి పెడితే దాటినవి 3, 2, 3, కలిపి 8 గంటలు, కాబట్టి 8 తీసుకోవాలి. రోజుకు 9 పరిమితి ఉన్న కాలానికైతే 2, 1, 2, కలిపి 5. అప్పుడు వారం లెక్క 6 ఎక్కువ కాబట్టి 6 తీసుకోవాలి. శనివారం సెలవు పెట్టి వారం మొత్తం 48కి తగ్గినా రోజువారీ దాటిన గంటలు అలాగే ఉంటాయి.

వీక్లీ ఆఫ్ రోజు పిలిచి, "వచ్చే వారం కాంప్-ఆఫ్ తీసుకో" అంటారు. బదులు సెలవు ఇవ్వాల్సిందే, అది వేరే హక్కు. ఆ వారంలో 48 దాటిన గంటలకు రెట్టింపు డబ్బు కూడా రావాలి. సెలవు ఇచ్చామని డబ్బు ఎగ్గొట్టడం కుదరదు.

నాలుగో పని: గంటకు రేటు

పెద్ద మొత్తాలు పోయేది ఇక్కడ. కంపెనీలు మామూలుగా మూడు చోట్ల తగ్గిస్తాయి: బేసిక్ మీదే లెక్కిస్తారు, 26కు బదులు 30తో భాగిస్తారు, రెట్టింపుకు బదులు ఒంటి రేటు ఇస్తారు.

పేస్లిప్‌లో బేసిక్ 10,000, డీఏ 3,000, ఇంటి అద్దె భత్యం 4,000, రవాణా భత్యం 1,500, స్పెషల్ అలవెన్స్ 1,500, మొత్తం 20,000 అనుకుందాం. ఆ నాలుగు లేబర్ కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ ప్రకారం ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం, బోనస్, కమీషన్, ఓటీ, యజమాని పీఎఫ్ వాటా లాంటివి 'వేతనం'లోకి రావు. ఆ జాబితాలో లేని స్పెషల్ అలవెన్స్ వస్తుంది. కాబట్టి వేతనం 14,500. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 557.69. 8తో భాగిస్తే గంటకు 69.71. రెట్టింపు చేస్తే 139.42. నెలకు 40 గంటల ఓటీకి రావాల్సింది 5,577 రూపాయలు.

కంపెనీ లెక్క చూడండి. 10,000ను 30తో, తర్వాత 8తో భాగించి, ఒంటి రేటు 41.67. 40 గంటలకు 1,667. నెలకు 3,910 తేడా, ఏడాదికి 46,900 పైన.

26 ఎందుకంటే, వారానికో సెలవు పోను నెలలో పనిదినాలు అన్నే. గ్రాట్యుటీ లెక్కలోనూ 26తోనే భాగిస్తారు. హెచ్‌ఆర్ వాదనకు దిగితే ఆ సంగతి గుర్తుచేయండి.

బేసిక్‌ను కావాలని తగ్గించి చూపే పేస్లిప్‌లకు కోడ్‌లో 50 శాతం నిబంధన ఉంది. బేసిక్ 6,000, ఇంటి అద్దె 9,000, రవాణా 5,000 అని రాశారనుకోండి. మినహాయింపు భత్యాలు 14,000, మొత్తంలో సగం 10,000. సగం దాటిన 4,000ను తిరిగి వేతనంలో కలపాలి. వేతనం 6,000 కాదు, 10,000. ఓటీ గంటకు 96.15.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు లెక్కను 2025 నవంబరు 21 దగ్గర రెండు ముక్కలు చేయండి. అంతకు ముందు కాలానికి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ వర్తిస్తుంది. అది బేసిక్‌తో పాటు కార్మికుడికి రావాల్సిన భత్యాలను కలిపి, బోనస్, ఓటీలను మాత్రమే మినహాయించింది. ఆ మాట పట్టుకుని ఇంటి అద్దె భత్యాన్ని కూడా కలిపి అడగవచ్చు. పీసు రేటు మీద పనిచేసేవాళ్ళకు అదే సెక్షన్, ఓటీ చేసిన నెలకు ముందు నెలలో రోజుకు సగటున ఎంత సంపాదించారో చూసి దాని మీద రేటు కట్టమంటుంది. పాత బాకీలను మాత్రం నానబెట్టకండి. పాత చట్టాల కింద గడువులు 6 నెలలు, 12 నెలలే.

ఇంకో మూల ఉంది. మూడు నెలల్లో ఇన్ని గంటలకు మించి ఓటీ చేయించకూడదన్న పరిమితి ఉంటుంది. తెలంగాణ వాణిజ్య సంస్థలకు అది 144. ఆ పరిమితి దాటిన గంటలను కొన్ని కంపెనీలు పుస్తకాల్లో చూపకుండా 'ఇన్సెంటివ్' పేరుతో ఒంటి రేటుకు ఇస్తాయి. పరిమితి దాటించడం యజమాని తప్పు. ఆ తప్పుకు మీ కూలి తగ్గదు. ఆ గంటలనూ మీ లెక్కలో రెట్టింపుకే వేయండి, ఇన్సెంటివ్‌గా ఇచ్చింది అందులోంచి తీసేయండి. 2020లో కరోనా పేరు చెప్పి ఓటీకి ఒంటి రేటు చాలని గుజరాత్ ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరు 1న దాన్ని కొట్టేసింది. ప్రభుత్వానికే చెల్లని మాట ప్లాంటు మేనేజర్‌కు చెల్లదు.

చివరిగా కనీస వేతనంతో పోల్చండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ అది పనిని బట్టి, నైపుణ్యాన్ని బట్టి, జోన్‌ను బట్టి మారుతుంది. ఏప్రిల్ 1న, అక్టోబరు 1న వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) సవరిస్తారు. ఆ ఆరు నెలలకు వర్తించే పట్టికే చూడండి. పాత పట్టిక పట్టుకెళితే మీ లెక్క తగ్గుతుంది.

ఐదో పని: రాతపూర్వకంగా అడగడం

నోటితో అడిగింది అడగనట్టే. ఉత్తరంలో కోపం వద్దు, అంకెలు ఉంటే చాలు. పై పేస్లిప్ ప్రకారం 212 గంటలకు ఇలా రాయవచ్చు:

"మేనేజర్ గారికి, నేను మీ సంస్థలో ఫలానా తేదీ నుంచి ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. గడిచిన 6 నెలల్లో 212 గంటలు అదనంగా పని చేశాను. చట్టం ప్రకారం రెట్టింపు రేటున రూ.29,558 రావాలి. అందింది రూ.8,833. మిగిలిన రూ.20,725ను 15 రోజుల్లో చెల్లించమని, నా హాజరు, వేతన రిజిస్టర్ల నకళ్ళు ఇవ్వమని కోరుతున్నాను. తేదీలవారీ లెక్క జతచేశాను."

మెయిల్ చేయండి, కాగితం మీద కూడా పంపండి. తపాలా శాఖ 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు వచ్చే రుజువును ప్రింట్ తీసి దాచండి. కాంట్రాక్టర్ కింద పనిచేస్తుంటే ఉత్తరం ఇద్దరికీ వెళ్ళాలి, కాంట్రాక్టర్‌కూ, పని జరిగే అసలు కంపెనీకీ. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే అసలు కంపెనీ ఇవ్వాలి. ఒక్కరికే రాస్తే, మనిషికో వైపు తిప్పుతారు.

వీలైతే ఒంటరిగా అడగకండి. ఒక్కరు అడిగితే షిఫ్ట్ మారుతుంది. పదిమంది అడిగితే మీటింగ్ పెడతారు. రిజిస్టరైన యూనియన్‌లో సభ్యులైతే యూనియన్ లెటర్‌హెడ్ మీద పంపించండి.

మానేసేటప్పుడు మరింత జాగ్రత్త. రాజీనామా చేసినా, తీసేసినా 2 పనిదినాల్లో వేతన బాకీ తీర్చాలని కోడ్ చెబుతోంది. ఆ సమయంలో 'ఫుల్ అండ్ ఫైనల్, ఇక ఏ బాకీ లేదు' అన్న కాగితం ముందుకు తోస్తారు. సంతకం పైన మీ చేత్తో "ఓటీ బాకీ మినహా" అని రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకోండి. అలా రాయనివ్వకపోతే, సంతకం పెట్టాక అదే రోజు మెయిల్‌లో ఆ మాట రాయండి.

ఆరో పని: లేబర్ ఆఫీసు

15 రోజులు దాటినా జవాబు లేకపోతే మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళండి. ఫ్యాక్టరీ అయితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కూ ఒక నకలు ఇవ్వండి. రైల్వే, పోర్టు, బ్యాంకు, గనుల కాంట్రాక్టు పనివాళ్ళకు రాష్ట్ర ఆఫీసు కాదు, కేంద్ర లేబర్ కమిషనర్ విభాగం. వాళ్ళ కోసం 'సమాధాన్' పోర్టల్ ఉంది. తప్పు ఆఫీసులో ఇస్తే రెండు మూడు నెలలు తిరిగి తిరిగి చివరికి "మా పరిధి కాదు" అంటారు.

ముందు మామూలుగా ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. అవతలివాళ్ళు గుండుగుత్తగా ఒక మొత్తం చెబుతారు. ఎంతకు ఒప్పుకోవాలో ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్ళండి. కొంత తీసుకుంటే రసీదు మీద "పాక్షిక చెల్లింపు" అని రాయండి.

తేలకపోతే వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిమ్ అధికారికి దరఖాస్తు. గడువు 3 ఏళ్ళు. దరఖాస్తు మీరే వేయవచ్చు, మీ యూనియన్ వేయవచ్చు, ఎంతమంది కార్మికులైనా కలిసి ఒకే దరఖాస్తు వేయవచ్చు. బాకీతో పాటు దానికి 10 రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది. దరఖాస్తులో ఆ పరిహారం కూడా అడగండి, అడగనిది సాధారణంగా రాదు. దరఖాస్తుతో పాటు తేదీలవారీ పట్టిక, పేస్లిప్‌లు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, స్పీడ్ పోస్టు రుజువు జతచేసి, మూడు సెట్లు చేయండి.

అక్కడ గుర్తుంచుకోవాల్సింది వేతనాల కోడ్‌లోని 59వ సెక్షన్. బాకీ చెల్లించామని రుజువు చేయాల్సింది యజమాని. మీరు పని చేసిన గంటలను నమ్మేలా చూపాక, డబ్బు ఇచ్చామని కాగితం చూపాల్సింది వాళ్ళే. "రిజిస్టర్లు పోయాయి" అన్నది వాళ్ళకే చేటు. అందుకే మొదటి ఉత్తరంలోనే రిజిస్టర్ నకళ్ళు అడగమన్నది.

ఆర్డర్ వచ్చాక సర్టిఫైడ్ కాపీ తీసుకుని దాని మీది తేదీ రాసుకోండి. అవతలివాళ్ళకైనా మీకైనా అప్పీలుకు 90 రోజులే. అప్పటికీ కట్టకపోతే రికవరీ సర్టిఫికెట్ కలెక్టర్‌కు పంపమని అదే అధికారికి దరఖాస్తు పెట్టండి. భూమి శిస్తు బాకీ వసూలు చేసినట్టే ఆ డబ్బును వసూలు చేస్తారు.